సెల్ఫ్ మార్చే ముందు సుద్దముక్కతో ఒక పరీక్ష

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాన్న కొన్న పాత మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్‌ను ఇప్పటికీ నడుపుతున్నాం. యాసంగి దమ్ము పనులు అయినప్పటి నుంచి సెల్ఫ్ కొడితే ఒక్కోసారి గరగరమని ఇనుము కోసినట్టు చప్పుడు వస్తోంది. ఒక్కోసారి సెల్ఫ్ మోటారు సర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం కదలదు. రెండోసారో మూడోసారో కొడితే మామూలుగానే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ పోయిన ఏడాదే కొన్నాను. ఒక మెకానిక్ సెల్ఫ్ మొత్తం మార్చాలంటున్నాడు. ఇంకొకాయన ట్రాక్టర్‌ను విడదీసి ఫ్లైవీల్, అంటే ఇంజన్ వెనకుండే బరువైన చక్రం, చూడాలంటున్నాడు. తాళంతో పడనప్పుడు కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మీద షార్ట్ చేసి నడుపుకుంటున్నాను. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వినొద్దు. ఆ రెండింటిలో ఏది నిజమో పెద్ద ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు. అది చెప్పే ముందు ఆ స్క్రూడ్రైవర్ సంగతి.

సెల్ఫ్ మీద షార్ట్ చేయాలంటే మీరు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య నిలబడాలి. ఆ సమయంలో ట్రాక్టర్ గేరులో ఉంటే ఇంజన్ అందుకున్న మరుక్షణమే బండి కదులుతుంది. వెనక టైరు వచ్చేది మీరు నిలబడ్డ చోటికే. తప్పుకోవడానికి సమయం ఉండదు. గేరులో ఉన్నప్పుడు సెల్ఫ్ పడకుండా కొన్ని ట్రాక్టర్లలో సేఫ్టీ స్విచ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెడితే కరెంటు దాన్ని దాటేసి పోతుంది కాబట్టి ఆ రక్షణ కూడా ఉండదు. ఎన్నో ఏళ్లుగా అలవాటైన చేతులకూ ఒక్కరోజు న్యూట్రల్ చూసుకోవడం మరిచిపోతే చాలు. దయచేసి ఈ రోజు నుంచే మానేయండి. ఇంట్లో పిల్లలు చూస్తున్నా, జీతగాడు నేర్చుకున్నా వాళ్లకూ గట్టిగా చెప్పండి. సీటులో కూర్చోకుండా ట్రాక్టర్ స్టార్ట్ చేయకూడదు, అంతే.

పైగా ఆ పని మీ ట్రాక్టర్ జబ్బుకు మందు కూడా కాదు. తాళం తిప్పితే చప్పుడు వస్తోందంటే కరెంటు సెల్ఫ్ దాకా అందుతోందనే కదా. స్క్రూడ్రైవర్ పనికొచ్చేది అసలు కరెంటే అందనప్పుడు. ఇంకో సంగతి గమనించండి. సెల్ఫ్ పైన అంటిపెట్టుకుని చిన్న గుండ్రటి డబ్బా ఉంటుంది, అదే సోలినాయిడ్. దాని మీదున్న రెండు పెద్ద బోల్టులను కలిపి షార్ట్ చేస్తే మోటారు తిరుగుతుంది గానీ దాని కొసనున్న చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్, ముందుకు రాదు. పినియన్‌ను తోసేది సోలినాయిడ్ లోపలి కాయిల్, దానికి మీరు కరెంటే ఇవ్వలేదు. అందుకే సర్రున ఒట్టిగా తిరుగుతుంది. తిరుగుతున్న మోటారుకు అప్పుడు తాళం కూడా ఇస్తే వేగంగా తిరిగే పినియన్ పోయి నిలబడి ఉన్న ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ పళ్లను కొడుతుంది. అంటే మీరు విన్న చప్పుళ్లలో కొన్ని స్క్రూడ్రైవర్ తెచ్చిపెట్టినవే కావచ్చు. కొన్నాళ్లు తాళంతో మాత్రమే కొట్టి, ఆ చప్పుళ్లనే లెక్కలోకి తీసుకోండి.

లోపల జరిగేది తెలిస్తే చప్పుడును చదవడం తేలిక. తాళం తిప్పగానే సోలినాయిడ్ ఒక ఫోర్కును లాగుతుంది. ఫోర్కు పినియన్‌ను ముందుకు తోసి ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేర్ పళ్లలో దూర్చుతుంది. పినియన్ దాదాపు పూర్తిగా దూరాక సోలినాయిడ్ వెనక ఉన్న రాగి కాంటాక్టులు కలుస్తాయి. అప్పుడే మోటారుకు పెద్ద కరెంటు వెళ్తుంది. ముందు పట్టు, తర్వాత తిప్పు: ఈ వరస తప్పితేనే గరగర. పినియన్‌కు సుమారు పది పళ్లుంటే రింగ్‌కు వందకు పైగా ఉంటాయి. అందుకని ఇంజన్ అందుకున్నాక నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే, ఇంకా పట్టుకుని ఉన్న పినియన్ పదివేల చుట్లు తిరగాల్సి వస్తుంది. ఆ వేగం మోటారులో తిరిగే భాగానికి, అంటే ఆర్మేచర్‌కు, చేరకుండా పినియన్ వెనక ఒకవైపే పట్టే క్లచ్ ఒకటి ఉంటుంది. షాపుల్లో ఈ పినియన్, క్లచ్ కలిపిన ముక్కనే బెండిక్స్ అంటారు.

టకటకటకమని వరసగా కొట్టుకుంటే అది బ్యాటరీ బలహీనత, లేదా వదులు టెర్మినల్. టక్ మని ఒక్క దెబ్బ పడి ఆగిపోతే సోలినాయిడ్ కాంటాక్టులు కాలిపోయి ఉండొచ్చు, లేదా మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కూడా కూ అని ఊళ పెడుతుంటే పినియన్ వెనక్కి రావడం లేదు. అది మాత్రం ఆ క్షణమే ఇంజన్ ఆపి చూడాల్సిన విషయం, లేదంటే ఆర్మేచర్ చుట్లు ఊడిపోతాయి. తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే సోలినాయిడ్ కాంటాక్టులు అతుక్కున్నాయని అర్థం. వెంటనే బ్యాటరీ వైరు తీసేయాలి.

మీరు రాసినవి ఇవేవీ కావు. మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించిన మాట ‘ఒక్కోసారి’. పూర్తిగా చెడిపోయిన సెల్ఫ్ ప్రతిసారీ చెడుగానే పలుకుతుంది. ఒకసారి గరగరమని, మరోసారి శుభ్రంగా పట్టుకుంటోందంటే చప్పుడు దేన్నిబట్టి మారుతోందో వెతకాలి.

మీ ఇంజన్‌కు మూడు సిలిండర్లు. డీజిల్ ఇంజన్ ఆగేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. ఏదో ఒక సిలిండర్‌లో గాలి నొక్కుకుని పిస్టన్‌ను ఎదిరిస్తుంది, ఇంజన్ ఆ కంప్రెషన్‌ను దాటలేక దానికి ముందే ఆగుతుంది. మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఫ్లైవీల్ చుట్టూ ఇలాంటి చోట్లు మూడు, 120 డిగ్రీల దూరంలో ఒక్కోటి. నాలుగు సిలిండర్లవాటిలో రెండు, ఎదురెదురుగా. కాబట్టి ఇన్నేళ్లుగా మీ పినియన్ రింగ్ గేర్‌ను మొదట కొట్టింది ఆ మూడు చోట్లలోనే. రింగ్ అరిగితే చుట్టూ సమానంగా అరగదు, అక్కడక్కడే అరుగుతుంది. అరిగిన చోట ఇంజన్ ఆగిన రోజు గరగర, బాగున్న చోట ఆగిన రోజు మామూలు. రెండోసారో మూడోసారో పడుతోందన్నారు కదా, మొదటి దెబ్బకు ఫ్లైవీల్ నాలుగు పళ్లు పక్కకు జరిగి ఉండొచ్చు.

ఇది నా అనుమానం మాత్రమే. పినియన్ అరిగినా, సెల్ఫ్ బోల్టులు వదులైనా ఇలాగే ఉండొచ్చు. తేల్చేది సుద్దముక్క.

ఇంజన్ ముందువైపు క్రాంక్ పుల్లీ ఉంటుంది, ఫ్యాన్ బెల్టు తిప్పే కింది చక్రం. దాని పక్కన ఇంజన్ బాడీ మీద కదలని చోట ఒక గీత గీయండి. ఇక ప్రతిసారి సెల్ఫ్ కొట్టే ముందు, తాళం జేబులో వేసుకుని, ఆ గీతకు ఎదురుగా పుల్లీ మీద సుద్దతో ఒక గీత గీయండి. తర్వాత సీటులో కూర్చుని సెల్ఫ్ కొట్టండి. గరగరమంటే, ఇంజన్ ఆపాక ఆ గీతకు అడ్డంగా ఇంకో గీత కలిపి గుర్తు పెట్టండి. శుభ్రంగా పడితే గీతను అలాగే వదిలేయండి. వారం పది రోజులు మామూలుగా పని చేసుకుంటూ ఇలా గుర్తులు పెట్టుకుంటే చాలు.

చదివేటప్పుడు ఒక పొరపాటు జరిగే వీలుంది. గుర్తులన్నీ మూడు గుంపులుగా చేరతాయి. అది చూసి రింగ్ పోయిందని అనుకోవద్దు, ఇంజన్ ఆగేదే ఆ మూడు చోట్ల కదా. చూడాల్సింది అడ్డగీతలు ఎక్కడున్నాయనేది. అవి ఒక గుంపులోనో రెండు గుంపుల్లోనో మాత్రమే ఉండి, మూడో గుంపు శుభ్రంగా ఉంటే తప్పు రింగ్‌దే. సెల్ఫ్ కొత్తది వేసినా చప్పుడు పోదు. మూడు గుంపుల్లోనూ అడ్డగీతలు కలిసి ఉంటే ఇంకో అడుగు వేయాలి. ఈసారి గరగరమనగానే మళ్లీ కొట్టకుండా తాళం తీసేసి, ఇంజన్ ఆపే నాబ్ లాగి ఉంచి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పుల్లీ నట్టుకు పానా వేసి ఇంజన్ తిరిగే దిశలోనే కొద్దిగా తిప్పండి. ముందు నిలబడి చూస్తే అది గడియారం ముల్లు తిరిగే దిశ. పావు చుట్టు లోపే చాలు. పానా తీసేసి వైరు బిగించి మళ్లీ కొట్టండి. పుల్లీ జరిపిన ప్రతిసారీ శుభ్రంగా పట్టుకుంటే రింగ్. జరిపినా గరగరమంటే తప్పు సెల్ఫ్ వైపు ఉంది.

ఈ రోజులు గడిచేలోపు చేయాల్సిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు సెల్ఫ్‌ను ఇంజన్‌కు పట్టించిన బోల్టులకు పానా వేసి చూడండి. అవి కొంచెం వదులైనా మోటారు తిరిగే బలానికి సెల్ఫ్ పక్కకు వాలుతుంది, పినియన్ వంకరగా పడుతుంది, పళ్లు కొసల మీద రాసుకుంటాయి. కొత్త సెల్ఫ్ బిగించగానే చప్పుడు పోవడానికి కొన్నిసార్లు కారణం కొత్త సెల్ఫ్ కాదు, కొత్తగా బిగించిన బోల్టులు.

తర్వాత కరెంటు. బ్యాటరీ కొత్తదే అయినా అది సెల్ఫ్ దాకా పూర్తిగా చేరుతోందా అన్నది వేరే ప్రశ్న. వోల్టేజీ తక్కువైతే సోలినాయిడ్ పినియన్‌ను గట్టిగా తోయలేదు, సగం దూర్చి వదిలేస్తుంది. పట్టణంలో చవకగా దొరికే మల్టీమీటర్ ఒకటి ట్రాక్టర్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండాలని నా అభిప్రాయం. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. ఇంకొకరు సీటులో కూర్చుని, నాబ్ లాగి ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొడుతుంటే పది వోల్టుల కన్నా బాగా కిందికి పడకూడదు. మీటరు పట్టుకున్న మనిషి బ్యాటరీ దగ్గరే ఉండాలి, చక్రాల దారిలో కాదు. అలాగే మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ ముక్కు మీద, రెండోది పొడుగు వైరు కలిపి సెల్ఫ్ బాడీ మీద ముందే బిగించి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు సరిగా లేదు. పాత ట్రాక్టర్లలో ఎర్త్ వైరు చాసిస్‌కు కలిసే చోట తుప్పు, పెయింటు, బురద పేరుకుని ఉంటాయి. విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, బిగించండి. మీ దగ్గర యాసంగి దమ్ముకు అది నీళ్లలో నానే ఉంటుంది.

దమ్ము మాట వచ్చింది కాబట్టి, మీ రెండో చప్పుడుకు నా మొదటి అనుమానం అదే. కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనుప చక్రాలు) వేసి లోతు బురదలో తిప్పినప్పుడు సన్నటి ఒండ్రు నీళ్లు క్లచ్ హౌసింగ్‌లోకి, అంటే ట్రాక్టర్ క్లచ్ ఉండే డబ్బాలోకి, సెల్ఫ్ మూతిలోకి దూరుతాయి. నీళ్లు ఆరిపోతాయి, ఒండ్రు ఉండిపోతుంది. పినియన్ జారాల్సిన షాఫ్ట్ మీద అది తుప్పుతో కలిసి గట్టిపడితే పినియన్ ముందుకు సాఫీగా రాదు. చాలా ట్రాక్టర్లలో క్లచ్ హౌసింగ్ అడుగున నీళ్లూ నూనే కారిపోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది బురదతో మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి. అందులోంచి నల్లటి ఇంజన్ ఆయిల్ కారితే వెనకవైపు ఆయిల్ సీల్ పోయిందని కూడా తెలుస్తుంది.

సర్రున తిరగడంలోనూ రెండు రకాలున్నాయి, చెవి పెట్టి వినండి. ముందు టక్ మని పినియన్ దిగిన చప్పుడు వచ్చి ఆ తర్వాత సర్రుమంటే, పినియన్ పట్టుకుంది గానీ దాని వెనక క్లచ్ జారిపోతోంది. బెండిక్స్ మార్చాలి. ఆ టక్ లేకుండానే సర్రుమంటే పినియన్ రింగ్ దాకా రాలేదు. అది శుభ్రం చేస్తే బాగయ్యే వీలుంది.

సెల్ఫ్ దింపడం మీ వల్ల కాని పని కాదు, కానీ బరువు ఉంటుంది, కింద ఒకరు పట్టుకోవాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, అది తీయకుండా పానా పెట్టొద్దు. వైర్లు ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. సెల్ఫ్ బయటికి వచ్చాక, దాన్ని చూసే ముందు, అది ఉన్న రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. రింగ్ గేర్ పళ్లు కనిపిస్తాయి. ఇంకొకరు ముందు నుంచి పానాతో ఇంజన్‌ను నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పుతుంటే రింగ్ మొత్తం మీ కళ్ల ముందు నుంచి పోతుంది. ఆ సమయంలో వేలు లోపల పెట్టొద్దు. పళ్ల అంచులు కొద్దిగా గుండ్రబడితే భయం లేదు. సగం పన్ను లేకపోయినా, కొస సూదిలా మారినా అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. మీ రెండో మెకానిక్‌కు జవాబు ఇదే: ఫ్లైవీల్ పళ్లు చూడటానికి ట్రాక్టర్‌ను విడదీయనక్కర్లేదు, సెల్ఫ్ దింపితే చాలు. విడదీయాల్సింది రింగ్ మార్చడానికి.

ఇక సెల్ఫ్. పినియన్‌ను చేత్తో తిప్పితే ఒకవైపు తేలిగ్గా తిరగాలి, రెండోవైపు గట్టిగా పట్టేయాలి. రెండువైపులా తిరిగితే క్లచ్ పోయింది. పళ్ల ముందు అంచులు రేకులు లేచి నలిగిపోయి ఉంటే పినియన్ పోయింది. షాఫ్ట్ కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. బాగా లూజుగా కొట్టుకుంటే షాఫ్ట్‌ను పట్టి ఉంచే ఇత్తడి రంగు బుష్‌లు అరిగాయి. బుష్ అరిగితే షాఫ్ట్ వాలిపోతుంది, పినియన్ రింగ్‌కు దూరమై కొసలతోనే పట్టుకుంటుంది, కొన్నాళ్లకు పినియన్ పళ్లూ రింగ్ పళ్లూ రెండూ అరిగిపోతాయి. లోపల ఆర్మేచర్ పక్కన ఇనుప దిమ్మలకు రాసుకుని మెరుస్తున్న గీతలు కనిపిస్తే అది ఖాయం. బుష్‌లు చవకైనవి. వాటిని అశ్రద్ధ చేయడం వల్ల పోయే రింగ్ గేర్ చవకైనది కాదు. కొత్త బుష్‌లను వేసే ముందు ఒక రోజంతా పలచటి ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాలి, ఆ లోహానికి నూనె పీల్చుకునే సన్న రంధ్రాలుంటాయి. ఎలక్ట్రికల్ షాపులో ఈ మాట మీరే అడిగి చేయించండి.

శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. షాఫ్ట్‌నూ ఫోర్కునూ డీజిల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి గానీ బెండిక్స్‌ను డీజిల్ డబ్బాలో ముంచొద్దు. క్లచ్ లోపల కంపెనీలో నింపిన గ్రీజు కరిగిపోతుంది, ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే జారడం మొదలుపెడుతుంది. షాఫ్ట్ మీద గ్రీజు దట్టంగా పూయడం కూడా మంచిది కాదు. దుమ్మునంతా అదే పట్టుకుంటుంది. కార్బన్ బ్రష్షులు రాసుకునే రాగి భాగాన్ని సన్న గరుకు కాగితంతో రుద్దాలి, ఎమరీ కాగితం వాడొద్దు. దాని రవ్వలు రాగి సందుల్లో ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. బ్రష్షులు సగానికి పైగా అరిగితే ఎలాగూ విప్పారు కాబట్టి మార్చేయండి.

ఇక ఖర్చు. సుద్ద గుర్తులూ టార్చి వెలుగూ రెండూ రింగ్ వైపే చూపిస్తే కంగారు పడొద్దు. అరుగుదల తక్కువైతే ఈ సీజన్ గడిచిపోతుంది. క్లచ్ ప్లేట్ మార్చడానికి ఎప్పుడో ట్రాక్టర్‌ను విడదీయక తప్పదు, రింగ్ పని అప్పుడు కలిపి చేయించండి. విడదీసే కూలి ఒక్కటే అవుతుంది. రింగ్‌ను వేడి చేసి ఫ్లైవీల్‌కు తొడుగుతారు, చల్లారాక బిగుసుకుంటుంది. పాత రింగ్‌ను తీసి, 60 డిగ్రీలు జరిపి మళ్లీ తొడిగితే అరిగిన మూడు చోట్లు పక్కకు పోయి బాగున్న పళ్లు ముందుకు వస్తాయి. అనుభవమున్న లేత్ షాపువాళ్లకు ఇది తెలిసిన పనే. నాలుగు సిలిండర్లదైతే 90 డిగ్రీలు. రింగ్‌ను బోర్లించి తొడగమని మాత్రం చెప్పొద్దు. పినియన్ తేలిగ్గా దూరడానికి పళ్లకు ఒకవైపే ఏటవాలు చెక్కి ఉంటుంది, బోర్లిస్తే ఆ వైపు వెనక్కి పోతుంది. ఎర్రగా కాలేదాకా వేడి చేయనివ్వొద్దు కూడా, పళ్ల గట్టిదనం పోతుంది. పళ్లు విరిగిపోయి ఉంటే కొత్త రింగే దారి. ఆ రోజు పినియన్ కూడా కొత్తది వేయండి. అరిగిన పినియన్ కొత్త రింగ్‌ను తినేస్తుంది.

తప్పు సెల్ఫ్ వైపు ఉంటే మీ మొదటి మెకానిక్ సగం నిజం చెప్పినట్టే. సెల్ఫ్ మొత్తం మార్చాల్సింది ఆర్మేచర్ కాలిపోయినప్పుడో, బాడీ పగిలినప్పుడో. బెండిక్స్, బుష్‌లు, బ్రష్షులు, సోలినాయిడ్ అన్నీ విడిగా దొరుకుతాయి. షాపుకు వెళ్లేటప్పుడు పాత బెండిక్స్‌ను చేత్తో పట్టుకెళ్లి పళ్ల లెక్క, పొడవు, లోపలి గాడులు ఒకటిగా ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే డబ్బులివ్వండి. ఒక్క పన్ను తేడా వచ్చినా మళ్లీ ఇదే గరగర.

అంతవరకు నడుపుకోవడానికి: ఒకసారి పడకపోతే ఇంజన్, మోటారు రెండూ పూర్తిగా ఆగేదాకా మళ్లీ తాళం తిప్పొద్దు. కంప్రెషన్ వల్ల ఇంజన్ ఒక క్షణం వెనక్కి ఊగుతుంది, ఆ ఊపులో పినియన్ దిగితే పళ్లు విరుగుతాయి. ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మళ్లీ కొట్టే ముందు ఒక నిమిషం ఆగండి. ఇంజన్ అందుకోగానే తాళం వదిలేయండి. సుద్ద గుర్తులు ఎలా వచ్చాయో, సెల్ఫ్ దింపాక పినియన్ పళ్లు, రింగ్ పళ్లు ఎలా ఉన్నాయో ఫొటోలతో రాయండి. రింగ్‌ను జరిపితే సరిపోతుందా, కొత్తది వేయాలా అన్నది అప్పుడు కచ్చితంగా చెప్పగలను.